ఇంట్లో మనిషి అదుపు తప్పినప్పుడు

జ్వరం వస్తే ఏం చేయాలో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాము కరిస్తే ఎక్కడికి పరుగెత్తాలో పర్చూరు చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో పనిచేసే ప్రతి కూలీకీ తెలుసు. కాని నిన్నటి వరకు నెమ్మదిగా ఉన్న మనిషి ఒక రాత్రి నిద్ర మాని, గొంతు చించుకొని అరుస్తూ, ఎదురొచ్చిన వారిని నెట్టివేస్తూ, తలుపులు బాదుతూ ఉంటే ఏం చేయాలో ఇంటి పెద్దలకు కూడా తెలియదు. ఆ తెలియనితనంలో నుంచే మోకు వస్తుంది, బయట గొళ్లెం వస్తుంది, ఒక్కొక్కసారి గొలుసు కూడా వస్తుంది. కట్టివేసిన వారు దుర్మార్గులు కారు. భయపడినవారు. అందుకే ఈ విషయాన్ని మన పాఠకుల ముందు కొంచెం వివరంగా ఉంచదలచాము.

మొదట గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. ఇలా రెచ్చిపోవడం దానంతట అది ఒక జబ్బు కాదు, ఒక లక్షణం. దాని వెనుక స్కిజోఫ్రెనియా ఉండవచ్చు, ఉన్మాదం ఉండవచ్చు. శరీరంలోని మరేదైనా ఉపద్రవం కూడా ఉండవచ్చు. మనసు జబ్బు ఏనాడూ లేని మనిషి, ముఖ్యంగా నడివయసు దాటినవాడు, ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో తికమకపడి, ఏ ఊళ్లో ఉన్నాడో ఏ వేళో చెప్పలేక, పొద్దున బాగుండి రాత్రికి మళ్లీ కేకలు వేస్తుంటే, అది మెదడుకు సోకిన జ్వరమో, తలకు తగిలిన దెబ్బో, రక్తంలో సోడియం తగ్గడమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో కావచ్చునని వైద్యులు ముందుగా అనుమానిస్తారు. ఇలాంటి రోగికి నిద్ర ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెడితే అసలు జబ్బు లోపల పెరిగిపోతుంది. తెలిసిన వైద్యుడు కారణం వెతకనిదే తొందరపడడు.

మన నేలకు ప్రత్యేకమైన కారణాలు కూడా ఉన్నాయి. పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందులు ఒంట్లోకి వెళ్లినవారికి ఆసుపత్రిలో అట్రోపిన్ అనే మందు ఎక్కిస్తారు. ప్రాణం నిలిపేది అదే. అయితే దాని మోతాదు మించినప్పుడు రోగి దుప్పటి పీకుతూ, గాలిలో ఏవో పట్టుకుంటూ, మంచం మీద నుంచి లేచి పరుగెత్తబోతాడు. పక్కన కూర్చున్న బంధువులు “మందు తలకెక్కింది” అని ఏడుస్తారు. ఒక రకంగా వారన్నది నిజమే, కాని తలకెక్కింది పురుగుమందు కాదు, వైద్యం. నర్సుకు ఆ మాట చెబితే మోతాదు సరిచేస్తారు. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లలలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. నోరు ఎండిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, ఒళ్లు కాలిపోతుంది, మాట తడబడుతుంది. మే నెల ఎండలో వడదెబ్బ తగిలిన కూలీ కూడా పిచ్చిగా ప్రవర్తించవచ్చు.

ఇక రంజాన్ విషయం. మన ఇళ్లకు సంబంధించి ఇంతకంటే ముఖ్యమైన భాగం ఈ వ్యాసంలో లేదని మా అభిప్రాయం.

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడుతున్న పెద్దమనిషి సహరీ చేసి ఉపవాసం పాటిస్తాడు. అస్ర్ వేళకు విసుగు, తరువాత కోపం, చెమటలు, వణుకు, అర్థం లేని మాటలు మొదలవుతాయి. ఉపవాసంలో చిరాకు సహజమేనని ఇంట్లోవారు ఊరుకుంటారు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటుంది. అప్పుడు ఇఫ్తార్ దాకా ఆగరాదు. తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి, స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. వ్యాధిగ్రస్తులు ఉపవాసాన్ని మరొక దినాలలో పూర్తి చేసుకోవచ్చనీ, అది సాధ్యం కానివారు పరిహారంగా పేదకు అన్నం పెట్టవచ్చనీ మన ధర్మం ఇచ్చిన సౌలభ్యం ఇటువంటి వేళ కోసమే కదా.

రెండవది ఎవరూ పైకి చెప్పుకోనిది. ఏడాది పొడుగునా తాగే మనిషి నెలవంక కనబడగానే ఒక్కసారిగా మానేస్తాడు. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర ఉండదు, గోడల మీద పురుగులు పాకుతున్నాయని దులుపుతాడు, ఎవరో చంపడానికి వస్తున్నారని కత్తిపీట అందుకుంటాడు. కొందరికి మూర్ఛలు కూడా వస్తాయి. “పుణ్యమాసంలో సైతాన్లు బంధింపబడి ఉండగా ఈ పీడ ఎక్కడిది?” అని ఇంట్లోవారు అయోమయంలో పడతారు. ఇది పీడ కాదు. చాలా కాలం మత్తుకు అలవాటుపడిన మెదడు, మత్తు హఠాత్తుగా ఆగినందుకు చేసే తిరుగుబాటు. చికిత్స లేకుంటే ప్రాణం పోయే జబ్బు. డయజెపామ్, లోరాజెపామ్ వంటి మందులతోనూ, బి1 విటమిన్ ఇంజెక్షన్లతోనూ నయమవుతుంది. అయితే ఆసుపత్రిలో డాక్టరు “తాగుడు అలవాటుందా?” అని అడిగితే, గడ్డం పెంచిన పెద్దాయన పక్కన నిలబడి “తౌబా, మా ఇంటావంటా లేదు” అంటాడు. పరువు కోసం చెప్పిన ఆ ఒక్క మాట వైద్యాన్ని దారి తప్పిస్తుంది. అందరి ముందు చెప్పలేకపోతే డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి. మానాలన్న సంకల్పం గొప్పది. రంజాన్‌కు కొన్ని వారాల ముందే వైద్యుని సలహాతో మాన్పించడం దానిని నిలబెట్టే మార్గం.

మూడవది లిథియం మాత్రలు వాడేవారి సంగతి. ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బుకు ఇది మంచి మందు. కాని రక్తంలో దాని పరిమాణం చాలా ఇరుకైన హద్దుల్లో ఉండాలి. పగలంతా నీళ్లు తాగని ఎండాకాలపు రోజాలలో అది పెరిగిపోయి వాంతులు, తూలుడు, మతిభ్రమణం కలగవచ్చు. దానికి తోడు తరావీహ్, సహరీల మధ్య నిద్ర తెగిపోతుంది. నిద్ర తగ్గడమే ఉన్మాదానికి మొదటి మెట్టు. మొరాకోలోని కాసాబ్లాంకాలో ఇటువంటి రోగులను రంజాన్ మాసమంతా పరిశీలించిన వైద్యులు, జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉందని గమనించారు. ఉపవాసం పాటించాలా వద్దా, మాత్రల వేళ ఎలా మార్చుకోవాలి అన్నది షాబాన్‌లోనే వైద్యుణ్ణి అడగాలి. రోజా పేరు చెప్పి మాత్రలు తమంతట తాము మానేసేవారు మనలో తక్కువేమీ కారు.

కారణం ఏదైనా, మనిషి ఎదురుగా ఊగిపోతున్నప్పుడు ముందు చేయవలసినది ఏమిటి? 2012లో అమెరికాలోని అత్యవసర మనోవైద్యులు కలసి కూర్చొని దీనిపై కొన్ని మార్గదర్శకాలు రాశారు. వారి తీర్మానం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది: మొదటి మందు మాట. చాలామంది రోగులు సరిగా మాట్లాడేవారుంటే ఐదు పది నిమిషాల్లో కొంత చల్లబడతారనీ, పట్టుకొని కట్టివేయడమే అందరికీ గాయాలు తెచ్చిపెడుతుందనీ వారు అన్నారు.

ఆ మాట ఎలా ఉండాలి? రెండు చేతుల దూరంలో, కొంచెం పక్కగా నిలబడాలి, ఎదురుగా ఛాతీ విరుచుకొని కాదు. అతనికీ మీకూ బయటికి పోయే దారి తెరచి ఉండాలి. మాట్లాడేది ఒక్కరే ఉండాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిన్నాయన బెదిరిస్తాడు, తల్లి ఏడుస్తుంది, బావమరిది చెయ్యి పట్టుకుంటాడు, వాకిట్లో వీధి వీధంతా నిలబడి చూస్తుంది, ఎవడో ఒకడు సెల్‌ఫోన్లో వీడియో తీస్తాడు. ఆ వీడియో తీసేవాణ్ణి ముందు బయటకు పంపాలి. తరువాత టీవీ ఆపాలి, పిల్లలను పక్కింటికి పంపాలి, కత్తిపీట, రోకలి, కిరోసిన్ డబ్బా చడీచప్పుడు లేకుండా తీసివేయాలి. ఆ మనిషికి ఎవరంటే గురి ఉన్నదో వారు, ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారో ఆ భాషలో, చిన్న చిన్న మాటలలో మాట్లాడాలి. “అన్నా, నేను ఇక్కడే కూర్చుంటాను. మంచినీళ్లు తాగుతావా, టీ పెట్టమంటావా?” అంటే చాలు. రెండింటిలో ఒకటి ఎంచుకోమనడంలో అతని పెద్దరికం నిలబడుతుంది. “నా మీద చేతబడి చేశారు, గోడలోంచి మాటలు వస్తున్నాయి” అంటే “అదంతా నీ భ్రమ” అని వాదించరాదు, “అవును, నాకూ వినబడుతున్నాయి” అని అబద్ధమూ ఆడరాదు. “నాకు వినబడటం లేదు గాని, నువ్వు ఎంత భయపడుతున్నావో తెలుస్తున్నది” అనవచ్చు. అతడు తిట్టినా సమాధానం చెప్పనక్కరలేదు. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇచ్చిన ఉపదేశం ఇక్కడ రోగికంటే ఎక్కువగా ఇంట్లోవారికి వర్తిస్తుంది.

ప్రవక్త జీవితంలోనే దీనికి ఆదర్శం ఉన్నది. మతి సరిగాలేని ఒక స్త్రీ మదీనాలో ఆయన వద్దకు వచ్చి, మీతో పని ఉన్నదని చెప్పిన సంగతి సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) ద్వారా ఉల్లేఖింపబడింది. ఏ వీధిలో నిలబడి మాట్లాడాలో నిర్ణయించుకొమ్మని ఆయన ఆమెకే వదలిపెట్టారు, ఆమె చెప్పుకొన్నదంతా అయ్యేవరకు పక్కనే ఉన్నారు. ఆమెను అదలించలేదు, అనుచరులకు అప్పగించి పోలేదు. ఆస్తిని సంబాళించుకోలేని వారి చేతికి సొమ్ము ఇవ్వవద్దంటూనే, వారికి అన్నవస్త్రాలు ఇచ్చి మంచిగా మాట్లాడమని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలో ఆదేశించింది. మతి తప్పినవాని నుంచి, తిరిగి తెలివి వచ్చేవరకు, కర్మలు రాసే కలం ఎత్తివేయబడుతుందన్న హదీసు మనందరికీ తెలిసినదే. దేవుడు లెక్కలోకి తీసుకోని మాటలకు మనం చెంపదెబ్బ కొడుతున్నాము.

మాటతో చల్లబడకపోతే మందు తప్పదు. మన పొరుగునే, ఆంధ్ర జిల్లాల నుంచి ఎందరో వైద్యానికి వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ విషయంపై ప్రపంచమంతా పేర్కొనే పరిశోధన జరిగింది. 2004లో వెలువడిన ఆ పరిశోధనలో, రెచ్చిపోయి అత్యవసర విభాగానికి వచ్చిన 200 మంది రోగులలో కొందరికి లోరాజెపామ్ ఇంజెక్షన్, కొందరికి హాలోపెరిడాల్‌తో ప్రోమెథజైన్ కలిపి ఇచ్చారు. రెండు విధాలా నాలుగు గంటలు గడిచేసరికి దాదాపు అందరూ శాంతించారు, రెండవ పద్ధతిలో మరింత త్వరగా శాంతించారు. ఇవి ఖరీదైన మందులు కావు. ప్రోమెథజైన్ అంటే మన తల్లులు ‘ఫెనర్గాన్’ అని పిలిచే పాత దురద మందే. దానిని కలపడంలో ఒక మర్మం ఉంది. హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే కొందరికి, ముఖ్యంగా పడుచువారికి, మెడ ఒక పక్కకు మెలితిరిగి, నాలుక బయటికి వచ్చి, కనుగుడ్లు పైకి పోతాయి. చూసినవారు గుండె పట్టుకొని “జిన్ పట్టింది, ఇప్పుడు నిజరూపం చూపింది” అంటారు. ఆసుపత్రి నుంచి నేరుగా ఆమిల్ దగ్గరకు తీసుకుపోయేది ఈ ఘడియలోనే. అది కేవలం మందు ప్రభావం. ప్రోమెథజైన్ వంటి మందు సూదిగా ఇస్తే సుమారు అరగంటలో మెడ తిన్నబడుతుంది.

మానసిక రోగుల మందు చరిత్రలో మనవారి పాత్ర కూడా ఉన్నది. సర్పగంధ వేరును ఈ దేశంలో తరతరాలుగా “పిచ్చి మందు”గా వాడేవారు. ఢిల్లీలో హకీమ్ అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో సలీముజ్జమాన్ సిద్దీఖీ దానిపై పరిశోధించి, 1931లో అందులోని ఒక క్షారాన్ని వేరుచేసి దానికి తన గురువు పేరుతో అజ్మలీన్ అని పేరు పెట్టారు. డమాస్కస్, కైరో, అలెప్పో నగరాల బీమారిస్తాన్‌ల గురించి మన వక్తలు గర్వంగా చెబుతారు. 1284లో కైరోలో వెలసిన మన్సూరీ ఆసుపత్రిలో మానసిక రోగులకు వేరుగా గదులు ఉండేవన్నది నిజం. హింసకు దిగిన రోగులను అటువంటి చోట్ల గొలుసులతో కట్టిన రోజులున్నాయన్నది కూడా నిజమే. మొదటి సగమే చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది.

గొలుసు మాట వచ్చింది గనుక ఏర్వాడిని దాటిపోలేము. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఉన్న ఆ ఊరి దర్గాకు మతభేదం లేకుండా మానసిక రోగులను తీసుకువచ్చేవారు. వారిని ఉంచుకొనేందుకు చుట్టూ ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున వాటిలో ఒకటైన మొయిదీన్ బాదుషా ఆశ్రమపు తాటాకు పాకకు నిప్పంటుకుంది. అందులోని రోగులలో ఎక్కువమంది గొలుసులతో కట్టబడి ఉన్నారు. 28 మంది మరణించారు. ఆ పాక మంటల్లో ఉన్నప్పుడు వారి కేకలు విన్నవారు, రోజూ వినే కేకలేననుకున్నారని ఊహించడం కష్టం కాదు. వారం రోజులకు అటువంటి ఆశ్రమాలన్నీ మూయించి, 500 మందికి పైగా రోగులను ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుంది. దర్గా వారిని చంపలేదు. ఇంటి నుంచి వారిని అక్కడ వదలి వెళ్లినవారు కూడా చంపాలని వదలలేదు.

గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద 2008 నుంచి ‘దవా, దుఆ’ పేరుతో మరొక మార్గం నడుస్తున్నది. అక్కడి ముజావర్లకు మానసిక వ్యాధుల లక్షణాలు నేర్పారు. వారు దుఆ చేసి, రోగిని అదే ప్రాంగణంలోని వైద్యుని వద్దకు పంపుతారు. మన ప్రాంతంలో ఏ.ఎస్.పేటకో మరొక చోటికో రోగిని తీసుకుపోయే కుటుంబాలను మేము ఎగతాళి చేయము. దుఆ చేయడం, ఖుర్ఆన్ పఠించి ఊదడం ధర్మసమ్మతమే. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు దించాడని ప్రవక్త చెప్పినదీ అదే ధర్మంలో ఉన్నది. కాని రోగిని బెత్తంతో కొట్టడం, అన్నం మాన్పించడం, ముక్కు కింద ఎండుమిరపకాయల పొగ పెట్టడం ఏ హదీసులోనూ లేవు. మిరప పండించే నేల మనది. కల్లంలో కోరు గాలికే మనకు దగ్గు ఆగదు. కట్టివేసిన మనిషికి ఆ పొగ పట్టిస్తే ఊపిరి ఆడక అతడు గిలగిలలాడుతాడు. “దయ్యం వదలడానికి పెనుగులాడుతున్నది” అని చుట్టూ నిలబడినవారు అంటారు.

బాలింతల విషయం వేరుగా చెప్పాలి. ప్రతి వెయ్యి కాన్పులలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాలలో, తీవ్రమైన మతిభ్రమణం వస్తుంది. నిద్ర పోదు, పొంతన లేకుండా మాట్లాడుతుంది, బిడ్డ తనది కాదంటుంది, లేదా బిడ్డలో ఏదో దూరిందంటుంది. చిల్లా నలభై రోజులూ గడప దాటనివ్వని ఇళ్లలో దీనిని ‘సాయా పడింది’ అని గదిలో ఉంచేస్తారు. తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాలకూ ముప్పు గనుక ఇది ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లవలసిన జబ్బు. బిడ్డను తల్లితో ఒంటరిగా వదలరాదు. ఆమెను నిందించరాదు. సరైన చికిత్సతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. పర్దా గురించి సంకోచం ఉంటే మహిళా సిబ్బందిని అడగవచ్చు, ఇంట్లో ఆడమనిషి ఒకరు వెంట ఉండవచ్చు. ఆమె తలపై దుపట్టా సవరించడం కూడా వైద్యంలో భాగమేనని మంచి నర్సులకు తెలుసు.

ఎక్కడికి తీసుకుపోవాలి? పర్చూరు నుంచి చీరాల, చిలకలూరిపేట దగ్గర. మనోవ్యాధి విభాగం ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రి గుంటూరులో ఉన్నది. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల దాకా అందరూ పోనవసరం లేదు. 108 వాహనాన్ని పిలిచేటప్పుడు రోగి రెచ్చిపోయి ఉన్నాడని ముందే చెప్పాలి. పగలైనా రాత్రైనా 14416 నంబరుకు ఫోన్ చేస్తే, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవలో తెలుగులోనే సలహా ఇస్తారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం, ప్రాణాపాయమో, తనకూ ఇతరులకూ తీవ్రమైన హానో తప్పించవలసి వచ్చినప్పుడు రిజిస్టరైన ఏ వైద్యుడైనా, ప్రతినిధి అందుబాటులో ఉంటే అతని అనుమతి తీసుకొని, 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు. కనుక “ఇది పిచ్చి కేసు, మేము చూడము” అని ఎవరైనా అంటే ఈ సెక్షన్‌ను మర్యాదగా గుర్తుచేయండి. 95వ సెక్షన్ రోగిని ఏ విధంగానూ గొలుసుతో కట్టరాదన్నది. ఆసుపత్రిలో కట్టవలసి వచ్చినా, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, మనోవైద్యుని ఆజ్ఞతో, అవసరమైనంతసేపు మాత్రమే కట్టాలని 97వ సెక్షన్ చెబుతున్నది. శిక్షగా కట్టరాదు. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న సాకుతోనూ కట్టరాదు.

తుఫాను వెలిసిన తరువాత రోగికి చాలా సంగతులు గుర్తుంటాయి. ఎవరు కొట్టారో, ఎవరు నీళ్లిచ్చారో అతడు మరచిపోడు. ఆసుపత్రి నుంచి వచ్చిన పది పదిహేను రోజులకు, అందరూ నిదానంగా ఉన్నప్పుడు, కూర్చొని మాట్లాడుకోవాలి. ఈసారి మొదటి లక్షణం ఏది? రెండు రాత్రులు నిద్రలేకపోవడమా, డబ్బు విచ్చలవిడిగా పంచడమా, ఇమామ్ సాహెబ్‌తో గొడవపడటమా? మళ్లీ వస్తే ఏం చేయమంటావని అతన్నే అడగాలి. అన్నంలో మాత్రలు కలిపి పెట్టే ఇళ్లున్నాయి. ఆ రహస్యం బయటపడిన నాడు ఇక ఇంటి అన్నాన్నే అతడు నమ్మడు.

ఇదే చట్టం, బాగున్న రోజులలో రోగి తన ప్రతినిధిని తానే ఎంచుకొనే హక్కు ఇచ్చింది. దానికి స్టాంపు పేపరు అక్కరలేదు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ కాగితంతో పాటు తాను వాడుతున్న మందుల పేర్లు, పడని మందుల పేర్లు, రెచ్చిపోయినప్పుడు ముందుగా ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో కూడా అతడే తన మాటల్లో రాసి ఇవ్వవచ్చు. రాయడం రాకపోతే అతడు చెబుతుండగా ఇంట్లో చదువుకున్న పిల్ల రాయవచ్చు. ఒక ప్రతి ఇంట్లో ఖుర్ఆన్ ఉంచే అల్మారాలోనో రేషన్ కార్డు ఉన్న పెట్టెలోనో ఉండాలి, రెండవది ఆ ప్రతినిధి దగ్గర, మూడవది ఆసుపత్రి ఫైలులో.